సోప్రానో గొంతు, కండక్టర్ చెయ్యి: రెండూ తయారయ్యేది పియానో దగ్గరే

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: అమ్మాయికి 19 ఏళ్లు, చిన్నప్పటినుంచీ కర్ణాటక గాత్రం నేర్చుకుంది, ఇప్పుడు ఒపెరాలో, అంటే పాశ్చాత్య సంగీత నాటకంలో, సోప్రానో (పై స్థాయి గొంతున్న గాయని) కావాలంటోంది. తమ్ముడికి 16, పియానోలో ఎనిమిదో గ్రేడు అయింది, ఆర్కెస్ట్రాని చేత్తో నడిపించే కండక్టర్ కావాలన్నది వాడి కోరిక. ఈ రెండు కెరీర్లు ఎలా నడుస్తాయి, ఎంతకాలం పడుతుంది, ఎక్కడ దెబ్బతింటాయి?

రెండింటికీ కలిపే జవాబు చెప్తాను. ఒపెరాలో ఈ రెండు పనులూ ఒకే చోట మొదలవుతాయి. ఒక పియానో, ఒక మ్యూజిక్ స్టాండు పట్టే రిహార్సల్ గది అది. గొంతు ఏ రకానిదో అక్కడే తేలుతుంది. ఏ పాత్ర ఏ వయసులో ఎత్తుకోవాలో అక్కడే నిర్ణయమవుతుంది. పాడేవాళ్ల ఊపిరిని కనిపెట్టడం కండక్టర్‌కి అక్కడే అలవాటవుతుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి జోన్ సదర్లాండ్, రిచర్డ్ బోనింగ్ దంపతుల కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు. ఆవిడ సోప్రానో, ఆయన పియానిస్టు, తర్వాత కండక్టర్ అయ్యారు. ఇద్దరిదీ సిడ్నీయే.

సదర్లాండ్ పుట్టింది 1926లో. తల్లి మ్యూరియల్ మంచి మెజ్జో (సోప్రానో కంటే కాస్త కింది స్థాయి గొంతు), కచేరీలు చెయ్యకపోయినా సాధన మానలేదు. పిల్లకి ఊపిరి పట్టడం అమ్మ పాడుతుంటే విని వచ్చింది. ఆ రోజుల్లో అందరికీ ఆదర్శం కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్, అంటే వాగ్నర్ పాత్రలకి సరిపోయే భారీ గొంతు. జోన్ గొంతు పెద్దది, మనిషి పొడుగు, కాబట్టి ఈమె కూడా వాగ్నర్ గాయనే అవుతుందని తల్లి, టీచర్లు, ఆమె కూడా ఖాయం చేసేసుకున్నారు. టైపిస్టుగా ఉద్యోగం చేస్తూనే 1949, 1950లలో రెండు పెద్ద పోటీలు గెలిచి, 1951లో లండన్ వెళ్లింది. అక్కడి కవెంట్ గార్డెన్ ఒపెరా హౌసు ఆడిషన్లలో ఒకటికి రెండుసార్లు తిరస్కరించాకే 1952లో తీసుకున్నారు. అక్టోబర్ 28న మోజార్ట్ 'మ్యాజిక్ ఫ్లూట్'లో ముగ్గురు పరిచారికల్లో ఒకరిగా తొలి ప్రదర్శన. పదకొండు రోజులకే ప్రఖ్యాత సోప్రానో మరియా కాలస్ 'నోర్మా' పాడుతుంటే పక్కన చెలికత్తె క్లోటిల్డే పాత్ర.

ఆ తర్వాత ఏడేళ్లు ఆవిడ జీతం మీద పనిచేసే కంపెనీ గాయని. ఐదా, అగాథే, ఏవా, మికయేలా, గిల్డా, డెస్డెమోనా, వాగ్నర్ 'రింగ్'లో చిన్న పాత్రలు, ఏది ఇస్తే అది పాడింది. మీ అమ్మాయి గమనించాల్సిన కాలం ఇదే. ఒక పెద్ద హాల్లో మైకు లేకుండా ఆర్కెస్ట్రా మీదుగా పాడటం, ఒక వారంలో మూడు భాషలు మార్చడం, జలుబుతో కూడా పాడగలమా లేదా అని తేల్చుకోవడం, ఇవన్నీ ఒంటికి పట్టేది ఈ దశలోనే. నేటి జర్మనీలో దీనికి సమానమైనది ఒపెరా హౌసులో స్థిర కాంట్రాక్టు. అక్కడ ప్రభుత్వ నిధులతో నడిచే హౌసులు 80 దాకా ఉన్నాయి. కాంట్రాక్టు ఏడాదికేడాది నడుస్తుంది. ఇంటెండెంట్, అంటే హౌసు అధిపతి, మారితే గాయకుల్ని మార్చడం మామూలే, కాబట్టి మొదటి ఐదేళ్లలో ఎప్పుడూ ఆరు ఆరియాలు (ఒపెరాలో ఒక్కరే పాడే పాటలు) ఆడిషన్‌కి సిద్ధంగా ఉంచుకోవాలి. అందులో కనీసం ఒకటి మోజార్ట్, ఒకటి జర్మన్, ఒకటి ఫ్రెంచ్.

ఇక బోనింగ్ సంగతి. 1930లో పుట్టారు, లండన్ రాయల్ కాలేజీకి వచ్చింది పియానో స్కాలర్‌షిప్ మీద. జోన్‌కి పియానో వాయిస్తూ పాత ఇటాలియన్ ఒపెరాల మీద తనకున్న పిచ్చిని ఆమె గొంతుకి ముడిపెట్టారు. గదిలో ఆమె వార్మప్ చేసుకునేటప్పుడు వినిపించే గొంతు వేరు, 'డ్రమాటిక్' (భారీ గొంతు) అనుకుని పాడేటప్పుడు వినిపించే గొంతు వేరు అన్నది ఆయన పట్టుకున్న విషయం. వార్మప్‌లో అది తేలికగా పైకి పోతోంది. ఆమెకి స్వరం వినగానే ఫలానా అని గుర్తుపట్టే శక్తి లేదు. అందుకని ఆమె కీబోర్డు చూడకుండా నిలబెట్టి, ఎక్సర్‌సైజుల్ని చెప్పినదానికంటే పై శ్రుతిలో వాయించేవారు. సి స్వరం దాకానే వెళ్లాననుకుంటూ ఆమె దానికి పైనున్న ఇ-ఫ్లాట్, ఇ స్వరాల దాకా పోయేది. 1954లో పెళ్లయింది. తల్లి చాలాకాలం ఈ మార్పుకి ఎదురు చెప్పింది, ఇంట్లో వాదనలూ జరిగాయి.

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందంటే, స్వరం పేరు తెలియగానే దవడ, నాలుక వేరు ముందుగానే బిగుసుకుంటాయి. పేరు తెలియకపోతే ఒళ్లు మామూలుగా ఉంటుంది. కానీ అజాగ్రత్తగా చేస్తే ఇది ప్రమాదం. ఒక్కోసారి అరమెట్టు చొప్పున పైకి పోవాలి. పై స్థాయి పని రోజుకి పది, పదిహేను నిమిషాలు మించకూడదు. ఆపాల్సిన గుర్తులు మూడు: స్వరం చివర్లో గాలి శబ్దం రావడం, ఎక్సర్‌సైజు అయ్యాక మాట బరువెక్కడం, మర్నాడు పొద్దున మెత్తగా పాడబోతే మధ్య స్థాయిలో గొంతు పలక్కపోవడం. ఈ మూడోది కనిపిస్తే రెండు రోజులు పై స్థాయి ముట్టుకోకూడదు.

గొంతు రకం తేల్చడంలో అందరూ చేసే తప్పు ఎంత పైకి పోతుందో కొలవడం. అది ఆఖరున చూడాల్సిన సంగతి. ముందు చూడాల్సింది ఏ ఎత్తులో గంటసేపు అలసట లేకుండా ఉండగలదు అన్నది. ఇటాలియన్లు దీన్నే టెస్సిటూరా అంటారు. రెండోది, మధ్య సి కి ఒక ఆక్టేవ్ పైనున్న సి దాటాక వచ్చే ఇ, ఎఫ్, ఎఫ్-షార్ప్ దగ్గర గొంతు ఎలా మలుపు తిరుగుతోందన్నది. మూడోది, అదే చోట మెల్లగా మొదలుపెట్టి పెంచి మళ్లీ తగ్గించగలదా అన్నది. తేలికైన గొంతుకి ఈ మూడో పరీక్ష 20 ఏళ్లకే వస్తుంది. పెద్ద గొంతుకి 28, 30 దాటేదాకా రాకపోవచ్చు. అందుకే పెద్ద గొంతున్న అమ్మాయిలే ఎక్కువగా గొంతు పాడుచేసుకుంటారు. 23 ఏళ్లకే శబ్దం పెద్దగా ఉందని టోస్కా లాంటి బరువైన పాత్ర చేతికిస్తారు, 35 వచ్చేసరికి స్వరం నిలవక ఊగుతుంది.

సదర్లాండ్, బోనింగ్ ఎన్నుకున్న వరస చూడండి. 1957లో హాండెల్ 'అల్చినా', డోనిజెట్టి అరుదైన 'ఎమిలియా ది లివర్‌పూల్' రేడియో ప్రసారం. రెండూ పరుగు స్వరాలున్నవి, ఆర్కెస్ట్రా పల్చగా ఉన్నవి. ఆ తర్వాతే, 1959 ఫిబ్రవరి 17న, కవెంట్ గార్డెన్‌లో 'లుచియా ది లామ్మెర్మూర్'. కండక్టర్ తూలియో సెరాఫిన్, దర్శకుడు ఫ్రాంకో జెఫిరెల్లి. ఆమెకి అప్పటికి 32. ఆ రాత్రితో ప్రపంచానికి తెలిసింది. సైనస్ ఆపరేషన్ చేయించుకోవాల్సి ఉన్నా దాన్ని లుచియా అయ్యాకే చేయించుకుంది. మరుసటి ఏడాది వెనిస్‌లో 'అల్చినా' విన్న ఇటాలియన్లు 'లా స్టుపెండా' అని బిరుదిచ్చారు.

లుచియా పిచ్చిదృశ్యాన్ని దగ్గరగా చూస్తే ఈ వృత్తి ఎంత కఠినమో తెలుస్తుంది. డోనిజెట్టి దాన్ని ఎఫ్ శ్రుతిలో రాశాడు. ఆనవాయితీగా ఒక మెట్టు దించి ఇ-ఫ్లాట్‌లో పాడతారు, చివర్లో పై ఇ-ఫ్లాట్ వేస్తారు. ఐదు శ్రుతిలో పాడే మన గాయని లెక్కలో అది తార స్థాయి దాటి, ఆ పై స్థాయిలోని శుద్ధ ధైవతం. అది కూడా అప్పటికి పావుగంట ఒంటరిగా పాడి, నేలమీద పడి లేచి, నెత్తుటి గౌనుతో స్టేజంతా తిరిగాక. మధ్యలో వేణువుతో కలిసి పాడే కడెంజా, అంటే తాళం లేకుండా సాగే అలంకార భాగం, ఉంటుంది. అప్పుడు ఆర్కెస్ట్రా మొత్తం ఆగిపోతుంది, శ్రుతి పట్టుకునే ఆధారం ఏదీ ఉండదు. వేణువు వేడెక్కేకొద్దీ శ్రుతి పైకి జరుగుతుంది, అలసిన గొంతు కిందికి జారుతుంది. కడెంజా అయ్యాక ఆర్కెస్ట్రా తిరిగి అందుకోగానే తేడా ఉంటే హాలంతటికీ తెలిసిపోతుంది. అందుకే దీన్ని పియానోతో కాకుండా వేణువు వాద్యకారుడితోనే విడిగా కనీసం మూడు నాలుగుసార్లు సాధన చెయ్యాలి. ప్రతిసారీ చివరి స్వరం దగ్గర కోచ్ పియానో మీద ఒక్క కార్డు తాకి, ఎంత జరిగారో చూసి రాసుకోవాలి. ఎప్పుడూ ఒకే వాక్యం తర్వాత జారుతుంటే ఊపిరి చోటు మార్చాలి. చెవికి శిక్షణ ఇచ్చి దాన్ని దిద్దలేం.

అలంకారాలు కూడా పియానో దగ్గరే పుడతాయి. బెల్లిని, డోనిజెట్టి కాలపు ఆరియాలో చివరి వేగభాగం రెండుసార్లు వస్తుంది. మొదటిసారి రాసింది రాసినట్టు, రెండోసారి గాయని సొంత అల్లికతో. మన దగ్గర నెరవులో సాహిత్యం స్థానం తప్పకూడదన్నట్టే ఇక్కడా కట్టుబాట్లున్నాయి: కింద నడిచే హార్మనీ మారకూడదు, బలమైన అక్షరం తన బీటు మీదే పడాలి, ఆర్కెస్ట్రా ఆగే చోటు చెదరకూడదు. సదర్లాండ్‌కి ఈ అల్లికలన్నీ బోనింగ్ రాసిచ్చేవారు. గొంతులో ఏది బాగా పలుకుతుందో దాని చుట్టూ రాయడం ఆయన విద్య. ఆమెకి ట్రిల్ (పక్కపక్క స్వరాలు రెండింటిని వేగంగా మార్చి మార్చి పాడటం) గొప్పగా వస్తుంది కాబట్టి వాక్యం చివర ట్రిల్ పెట్టేవారు. ట్రిల్ రాని అమ్మాయికి అదే అల్లిక అప్పగిస్తే నవ్వులపాలే. ట్రిల్ సాధన మెట్రోనోమ్‌తో, 60 వేగం దగ్గర బీటుకి రెండు స్వరాలతో మొదలుపెట్టి, రెండు స్వరాలూ శ్రుతిలో ఉన్నంతవరకే వేగం పెంచాలి. శ్రుతి కలిసిపోయి ఒకటే స్వరం ఊగినట్టు వినిపిస్తే అక్కడితో వెనక్కి.

సదర్లాండ్‌లో లోపం లేదా అంటే ఉంది. 1960ల మొదట్లో ఆమె మాటలు అర్థం కావడం లేదని విమర్శకులు గట్టిగానే రాశారు, అది న్యాయమైన విమర్శే. ఇందులో కొంత భౌతికశాస్త్రం ఉంది. పై ఎఫ్ దాటాక ఏ సోప్రానోకైనా అచ్చులన్నీ 'ఆ' వైపు జరుగుతాయి, దవడ తెరిస్తేనే గొంతు మోగుతుంది. కానీ మధ్య స్థాయిలో మాటలు మసకబారడానికి కారణం వేరు. స్వరం నుంచి స్వరానికి గీత, అంటే పాట ధార, తెగకూడదన్న పట్టుదలతో హల్లుల్ని అరగదీశారు. దీనికి మందు, పాటని ముందు లయలో మాటలుగా చదవడం. తర్వాత అచ్చులతో మాత్రమే పాడటం. మూడోసారి హల్లుల్ని బీటుకి కాస్త ముందు పలికి, అచ్చుని సరిగ్గా బీటు మీద వెయ్యడం. ఈ వరస తప్పితే, ముఖ్యంగా అచ్చుల దశ వదిలేస్తే, హల్లులు గీతని నరికేస్తాయి.

ఇప్పుడు అబ్బాయి సంగతి. బోనింగ్‌కి కండక్టింగ్ చదువు లేదు. 1962లో రోమ్‌లో ఒక కచేరీకి కండక్టర్ అందుబాటులో లేకపోతే కర్ర పట్టారు. 1963లో వాంకూవర్‌లో 'ఫౌస్ట్'తో ఒపెరా కండక్టింగ్ మొదలు. భార్య పేరుతో అవకాశాలు వచ్చాయన్న మాట చాలాకాలం వెంటాడింది. తొలి ఏళ్ల విషయంలో అందులో నిజం లేకపోలేదు. కానీ బెల్ కాంటో (బెల్లిని, డోనిజెట్టి కాలపు ఇటాలియన్ గాన శైలి) సంగీతం, పాత ఫ్రెంచ్ ఒపెరా ఆయనకి తెలిసినంత ఆ రోజుల్లో అతికొద్ది మందికే తెలుసు. 1976 నుంచి 1986 దాకా ఆస్ట్రేలియన్ ఒపెరాకి సంగీత దర్శకుడిగా ఉన్నారు. మాస్నే 'ఎస్క్లార్మోండ్', లాహోర్ నేపథ్యంగా సాగే 'ల రువా ద లాహోర్' లాంటివి మళ్లీ స్టేజి ఎక్కింది ఈ ఇద్దరి వల్లే. ఆ రెండోదాంట్లో సదర్లాండ్ పాత్ర పేరు సీత.

మీ అబ్బాయి ఆ దారి నమ్ముకోకూడదు. మామూలు దారి రెపెటిటర్ ఉద్యోగం, అంటే రిహార్సల్లో ఆర్కెస్ట్రా మొత్తాన్ని పియానో మీద వాయిస్తూ గాయకులకి పాత్ర నేర్పించేవాడు. తర్వాత పెద్ద కండక్టర్ అయిన జార్జ్ షోల్టి బుడాపెస్ట్ ఒపెరాలో ఏళ్ల తరబడి ఆ పనే చేశారు. 1938 మార్చి 11న 'ఫిగరో' కండక్ట్ చేసే అవకాశం వచ్చింది. యూదుడు కావడంతో అక్కడ మళ్లీ అవకాశం రాలేదు. స్విట్జర్లాండ్‌లో తలదాచుకుని 1942లో జెనీవా పోటీ గెలిచింది పియానిస్టుగానే. 1946లో మ్యూనిక్ ఒపెరా చేతికొచ్చేదాకా చేతిలో ఉన్న విద్య అదొక్కటే. జర్మన్ హౌసుల్లో ఇప్పటికీ ఇదే నిచ్చెన: రెపెటిటర్, కండక్ట్ చేసే బాధ్యత కూడా ఉన్న రెపెటిటర్, రెండో కపెల్‌మైస్టర్ (హౌసు కండక్టర్), మొదటి కపెల్‌మైస్టర్, ఆపైన సంగీత దర్శకుడు.

ఆ ఉద్యోగపు ఆడిషన్లో తరచుగా అడిగేవి: 'కార్మెన్' రెండో అంకంలోని క్వింటెట్, 'ఫిగరో' రెండో అంకం ఫినాలే, 'లా బొహెమ్' రెండో అంకం, 'రోజెన్‌కవలియర్' లేదా 'ఎలెక్ట్రా' ఆరంభం. వాయిస్తూనే లేని పాత్రల లైన్లన్నీ పాడాలి, గొంతు బాగుండక్కర్లేదు, శ్రుతీ లయా మాటా సరిగ్గా ఉండాలి. కండక్టర్ చెయ్యి చూస్తూ వాయించాలి. మంచి సోలో పియానిస్టులు ఇక్కడే తప్పుతారు, వోకల్ స్కోర్‌లో (గాయకుల లైన్లు, ఆర్కెస్ట్రాకి బదులు పియానో లైను ఉన్న పుస్తకంలో) అచ్చైన ప్రతి స్వరమూ వాయించబోయి చెయ్యి వెనకబడుతుంది. వాయించాల్సింది ముందు బాస్, తర్వాత లయ, తర్వాత హార్మనీ, ఆ పైన గాయని చెవిపెట్టి వినే వాద్యం లైను. మిగతావి వదిలెయ్యాలి. 'ఎలెక్ట్రా'లో సగం స్వరాలు వదిలినా పరవాలేదు, బీటు ఆగితే మాత్రం ఉద్యోగం రాదు.

పియానో నుంచి పిట్‌లోకి, అంటే స్టేజి ముందు ఆర్కెస్ట్రా కూర్చునే గుంటలోకి, వెళ్లినవాళ్లకి వచ్చే ఇబ్బందులు కొన్ని ఖాయం. పియానో స్వరం కొట్టగానే తగ్గడం మొదలవుతుంది, వయొలిన్ల స్వరం తగ్గదు. కాబట్టి గదిలో సరిపోయిన వేగం పిట్‌లో బరువుగా తోస్తుంది. రెండోది దూరం. స్టేజి వెనక భాగంలో నిలబడ్డ గాయని 15 మీటర్ల దూరంలో ఉంటే ఆమె స్వరం కండక్టర్ చెవికి చేరడానికి సెకనులో దాదాపు ఇరవై మూడో వంతు పడుతుంది. చెవితో విని చెయ్యి కదిపితే ప్రతి బీటూ ఇంకాస్త వెనక్కి జారి, ఐదారు బార్లకి అంతా ఈడ్చుకుపోతుంది. గదిలో పియానిస్టు చెవితో వెంబడిస్తాడు, పిట్‌లో కళ్లతో వెంబడించాలి. గాయని పక్కటెముకలు విచ్చుకోవడం చూసి, ఆమె ఊపిరి తీసుకునే క్షణంలోనే ఆర్కెస్ట్రాకి సన్నాహపు బీటు ఇవ్వాలి. స్వరం సాగదీసే చోట చెయ్యి కదలకుండా ఆపి, ఆమె దిగబోతోందని తెలిశాకే ఒకే ఒక్క బీటు. అక్కడ చెయ్యి అటూఇటూ ఆడిస్తే ఎవరో ఒక హార్న్ వాద్యకారుడు ముందే దూకుతాడు.

మీ అమ్మాయికి కర్ణాటక సాధన వల్ల శ్రుతిజ్ఞానం, లయ, కంఠస్థం చేసే శక్తి వచ్చాయి, ఇవి చిన్నవి కావు. ఇటాలియన్ విషయంలో ఇంకో లాభం ఉంది. 'నోత్తే', 'బెల్లా'లో ద్విత్వాలు తెలుగు నోటికి అలవాటే, త, ద కూడా మన దంత్యాలే. ఇంగ్లిష్ అలవాటుతో వాటిని ట, డ చేస్తే మాత్రం దిద్దించాలి. కష్టం ఎక్కడంటే, ఐదు శ్రుతిలో పాడేవాళ్లు తార పంచమం దాటడం అరుదు, అది డి స్వరం. సోప్రానో గొంతు మలుపు సరిగ్గా దాని పైన ఇ, ఎఫ్‌ల దగ్గర మొదలవుతుంది. అంటే ఆమె పదేళ్ల సాధన ముగిసే చోట ఈ చదువు మొదలవుతోంది. ఇప్పుడున్న నిండు గొంతునే నెట్టుకుంటూ పైకి తీసుకుపోతే అరుపవుతుంది. తేలిక గొంతుని పైనుంచి కిందికి దించుకుంటూ రావాలి, కనీసం ఏడాది. ఆ ఏడాది భారీ కచేరీలు తగ్గించుకోవడం మంచిది. గమకం మానక్కర్లేదు, కానీ పాశ్చాత్య స్వరం నిలబెట్టేటప్పుడు కింది స్వరం నుంచి ఎగబాకే అలవాటు పోవాలి. స్టాఫ్ నొటేషన్ చూసి వెంటనే పాడటం రోజూ ఇరవై నిమిషాలు. కన్సర్వేటరీ (సంగీత కళాశాల) ప్రవేశ పరీక్షల్లో మనవాళ్లు ఎక్కువగా దీని దగ్గరే ఆగిపోతారు.

మన దేశం నుంచి ఈ దారిలో నడిచినవాళ్లున్నారు. బొంబాయిలో పుట్టిన సోప్రానో ప్యాట్రీషియా రొజారియో లండన్‌లో స్థిరపడ్డారు, బ్రిటిష్ సంగీత రచయిత జాన్ టావెనర్ ఆమె గొంతు కోసం ఎన్నో రచనలు చేశాడు. ఆమె, భర్త అయిన పియానిస్టు మార్క్ ట్రూప్ కలిసి 'గివింగ్ వాయిస్ టు ఇండియా' పేరుతో మన పిల్లలకి ఇక్కడే శిక్షణ ఇస్తూ వచ్చారు. ఇక్కడా జంట అదే, సోప్రానోతో పియానిస్టు.

ఏ పాత్ర వద్దనుకోవాలో కూడా చెప్పాలి. 1972లో సదర్లాండ్ పుచ్చినీ 'టురాండాట్' రికార్డు చేసింది, కండక్టర్ మన జుబిన్ మెహతా. ఆ పాత్రలో అంతకన్నా గొప్ప రికార్డింగులు తక్కువ. అయినా స్టేజి మీద ఆ పాత్ర ఒక్కసారీ పాడలేదు. స్టూడియోలో భాగాలుగా, విశ్రాంతి తీసుకుంటూ, మైకు ముందు పాడొచ్చు. స్టేజి మీద పుచ్చినీ ఆర్కెస్ట్రా మీదుగా వరసగా ఆరేడు రాత్రులు పాడితే లుచియా, నోర్మా పాడే తేలిక పోతుంది. అలా కాచుకోబట్టే 1990 అక్టోబర్‌లో సిడ్నీలో 'ఉగనో'తో ఒపెరాకి వీడ్కోలు చెప్పేనాటికి ఆమెకి 64 నిండవస్తున్నా ఇంకా పాడగలిగింది.

అక్కాతమ్ముళ్లు ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండటం మీకు పెద్ద వరం. నికోలా వక్కాయ్ రాసిన పాఠాల పుస్తకం తెప్పించండి, సోప్రానో శ్రుతిలో ఉన్నదే. మొదటి పాఠం వారం రోజులు. తమ్ముడు వాయిస్తూ, అక్క ఊపిరి తీసుకున్న ప్రతిచోటా స్కోర్‌లో పెన్సిల్ గుర్తు పెట్టాలి. రెండో వారం అదే పాఠాన్ని అరమెట్టు పైకి మార్చి వాయించాలి, నొటేషన్ తిరగరాసుకోకుండా. గుర్తులు చోటు మారితే ఆ ఎత్తు ఆమెకి ఇంకా బరువే, వెనక్కి దించండి. మారకపోతే ఇంకో అరమెట్టు.